కంటికీ సూదికీ మధ్య

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్లో పడిందంటారే, ఆ బల్లిని నేనే. రాయదుర్గంలో నా చేతి మీదుగా కళ్ళద్దాలు పోని వీధి లేదని ఆ రోజుల్లో నాకు భలే టెక్కు. "చత్వారం వచ్చింది పెదనాయనా, నలభై దాటినాక అందరికీ వచ్చేదే, దీనికి సిగ్గెందుకు?" అని రోజుకు పదిమందికి చెప్పేదాన్ని. నా పక్కనే చాప మీద పడుకునే మా అమ్మకు చత్వారం వచ్చి రెండేళ్ళయిందని మాత్రం తెలియలేదు. తెలియలేదనడం కూడా అబద్ధమే. చూడలేదు, అంతే.

బస్టాండుకు పోయే పెద్దరోడ్డు మీద, మెట్లెక్కి పోయే కంటి ఆసుపత్రిలో నేను ఆప్టికల్ అసిస్టెంటును. డాక్టరుగారు వారానికి రెండు రోజులే వస్తారు. మిగతా రోజుల్లో చూపు పరీక్షించేది సారా మేడమ్. వచ్చినవాళ్ళ పేరూ వయసూ పనీ చీటీలో రాసుకోవడం, ఫ్రేములు చూపించడం, కనుపాపల మధ్య దూరం కొలవడం, బళ్ళారి నుంచి బస్సులో వచ్చే అద్దాలను ఫ్రేముకు ఎక్కించి ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టడం నా పని. ఎండాకాలం వచ్చిందంటే నాయన గొర్రెలు తోలుకుని మేత దొరికే కాలువ ఊళ్ళవైపు పోతాడు, తొలకరి పడితే గానీ తిరిగిరాడు. ఆ మూడు నెలలూ ఇంట్లో నేనూ అమ్మే. అమ్మ పేరు నల్లమ్మ. జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా జిప్పు దగ్గర కుట్టు వేస్తోంది. ఆ కుట్టు అందరికీ రాదు. ఒక్క పోగు పక్కకు పోయినా ప్యాంటు వెనక్కి వచ్చేస్తుంది.

ఉగాది పోయిన రెండో ఆదివారం అమ్మ పక్క మిషన్ మీద కుట్టే బయమ్మత్త మా ఇంటికొచ్చింది. కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. గడప దాటీ దాటకముందే మొదలుపెట్టింది.

"ఏమ్మే రేఖా, ఊళ్ళో అందరి కండ్లూ చూస్తావే, మీ అమ్మ కండ్లు ఎప్పుడన్నా చూసినావా?"

"ఊరుకో బయమ్మా" అంది అమ్మ.

"ఎందుకు ఊరుకోవాల? పసుపుదారం బండిల్ వచ్చిందంటే పరిగెత్తిపోయి తెచ్చుకుంటాది. నీలం గుడ్డకు నీలం దారమొస్తే నా పక్కకు తోస్తాది. రెండేండ్లుగా ఇదే ఆట. నేనూ పోనీలే అనుకుంటి. ఇప్పుడు యాడికి పోతాది? వచ్చిన ఆర్డరంతా నల్ల ప్యాంటు, నల్ల దారం. ఎండాకాలమంతా అదేనంట."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చెంబులో నీళ్ళ వైపు చూసింది.

"అద్దాలు చేయిస్తా కదమ్మా, ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాను.

"అద్దాలు పెట్టుకుని పోతే మా షెడ్డు మేస్త్రీ కేశవ నన్ను మిషన్ మీద కూచోనిస్తాడా? ఈశ్వరిని ఏం చేసినాడు? అద్దాలు పెట్టుకొచ్చిన వారానికే దారాలు కత్తిరించే కాడ కూచోబెట్టినాడు. సగం కూలి. ఇంగ ఆడినుంచి లేచిందే లేదు పాపం."

"నేను చేయించే అద్దాలు వేరే. చీమ కాళ్ళు లెక్కపెడతావు, చూస్తాండు" అన్నాను. ఎంత నోరు నాది! తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

శుక్రవారం కరెంటు కోతకు షెడ్డు మూసేశారు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయాను. మెట్ల దగ్గర కాసేపు నిలబడిపోయింది. "నేను లోపలికి రావచ్చునా?" అని అడిగింది. "ఇదేమన్నా దేవుడి గర్భగుడా, రామ్మా" అని చెయ్యి పట్టి లాగాను.

చీటీ నేనే రాశాను. పేరు నల్లమ్మ. వయసు నలభై ఎనిమిది. మూడో గడి, చేసే పని. అక్కడ 'గృహిణి' అని రాశాను.

దానికో కథ ఉంది, అదీ చెప్పేస్తాను. అనంతపురంలో కోర్సు చదివేటప్పుడు హాస్టల్లో ఒక పిల్ల, "ఓ, ప్యాంట్లు కుట్టేవాళ్ళ అమ్మాయివా" అని నవ్వింది. అంతే, ఇంకేమీ అనలేదు. కానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుపోయింది. రెండేళ్ళ కిందట ఇక్కడ పనిలో చేరిన రోజు సారా మేడమ్ మామూలుగా, "అమ్మ ఏం చేస్తారు?" అని అడిగితే, "ఇంట్లోనే ఉంటారు మేడమ్" అనేశాను. ఒకసారి అన్నాక దాన్ని మోయక తప్పలేదు. కాంపౌండరు అడిగినా అదే, మందుల షాపు పిల్ల అడిగినా అదే.

మేడమ్ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. దూరం చూపు బాగుంది. చదువు రానివాళ్ళ కోసం చిన్న చిన్న గుండ్రాలున్న కార్డొకటి ఉంటుంది, ఒక్కో గుండ్రానికి సందు ఎటువైపుందో వేలితో చూపించాలి. దాన్ని అమ్మ చేతికిచ్చి, పుస్తకం పట్టుకునే దూరంలో పట్టించారు.

"ఇంట్లో దగ్గరిపని ఏం చేస్తుంటారమ్మా?"

అమ్మ నా వైపు చూసింది.

"బియ్యం ఏరడం మేడమ్, అప్పుడప్పుడు ఫోను చూడటం" అన్నాను నేను.

అమ్మ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. నల్లగుడ్డ రంగు ఆ గోళ్ళలో నుంచి సబ్బుకు కూడా పోదు. కార్డు చూసేటప్పుడు కూడా కొంగుతోనే పట్టుకుంది.

నాలుగో రోజు అద్దాలు తయారయ్యాయి. సన్నటి గోధుమరంగు ఫ్రేము, నేనే ఏరి పెట్టాను. అమ్మ పెట్టుకుని అరచెయ్యి చూసుకుంది, గోడమీది క్యాలెండరు దింపి చేతిలో పట్టుకుని చూసింది. "అబ్బా, తిథుల కాడ ఇన్ని అక్షరాలుండాయా!" అని నవ్వింది. నేను పొంగిపోయాను.

అద్దాలు పెట్టుకుని పనికి పోయిన రెండో రోజు సాయంత్రం వచ్చి మెడ పట్టుకుని కూర్చుంది.

"సూది మసకగా ఉండాది పాపా. వంగి మిషన్ మీద పడుకుంటేనే కనపడ్తాంది."

"కొత్తలో అందరికీ అంతేమా. అలవాటు కావాలంటే వారం పడుతుంది."

ఇది మేము అందరికీ చెప్పే మాటే. పదిమందిలో తొమ్మిదిమందికి నిజమయ్యే మాట కూడా. మూడోరోజు అమ్మ మళ్ళీ అంది. నాకు విసుగొచ్చింది. "రోజంతా పెట్టుకుంటేనే కదా అలవాటయ్యేది! తీసి తీసి పెట్టుకుంటే యాడ అలవాటైతాది?" అని గసిరాను.

"సరేలే, నువ్వు చదువుకున్నదానివి" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. ఆ మరుసటి రోజు నుంచి అమ్మ మెడ నొప్పి మాట ఎత్తలేదు. అలవాటయిందనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను, ఇంకోసారి అడుగుతానా?

తర్వాతి గురువారం మధ్యాహ్నం బయమ్మత్త ఆసుపత్రి మెట్లెక్కి వచ్చింది, చేతిలో అన్నం బాక్సు అట్లాగే ఉంది.

"యాడ పనిచేస్తాండావు పిల్లా నువ్వు? నలభై పీసులు వెనక్కొచ్చినాయి మీ అమ్మవి. జిప్పు కాడ కుట్టు వంకర టింకర. నాలుగు దినాలాయ, దారాలు కత్తిరించే కాడ కూచోనుండాది. నీకు చెప్పలేదా?"

"లేదు."

"చెప్పదులే. సోమవారం మొలకాల్మూరు నుంచి ఒకామె వస్తాంది ఆ మిషన్ మీదికి. ఒకసారి ఇంకొకరు కూచున్న్యారంటే ఆ మిషన్ మళ్ళా రాదు. ఈశ్వరిని చూడలేదా?"

మేడమ్‌కు ఏదో చెప్పి పరిగెత్తాను. రెండేళ్ళలో ఆ షెడ్డుకు పోవడం అదే మొదలు. రేకుల కింద నలభై మిషన్లు, అందరూ అన్నాలకు లేచిన వేళ, ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. అమ్మ గోడవారగా గోనెపట్టా మీద కూర్చుని ఉంది, చుట్టూ నల్ల ప్యాంట్లు కుప్ప. చిన్న కత్తెరతో వేలాడే దారాలు కత్తిరిస్తోంది. అద్దాలు ఒళ్ళో ఉన్నాయి. నన్ను చూసి గబగబా లేచింది.

"నువ్వెందుకొచ్చినావు ఈడికి? ఎవురన్నా చూస్తారు, పో."

ఎవరు చూస్తారో, చూస్తే ఏమవుతుందో నాకు ఆ క్షణాన తట్టలేదు.

కేశవన్న చెకింగ్ బల్ల దగ్గర నుంచి వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. మాట మాత్రం కర్ర విరిచినట్టు ఉంటుంది.

"చూడు పాపా, మీ అమ్మ చేతికి వంకపెట్టేటోడు ఈ ఊళ్ళో లేడు. కండ్లకు అద్దాలొచ్చినాంక చేతిపని చెడుతాది. నేను ఎంతమందిని చూసుంటా? ఈశ్వరక్కదీ ఇదే కథ."

"అన్నా, ఒక్క నిమిషం అమ్మను ఆ మిషన్ ముందర కూచోనీ. కుట్టదు, కూచుంటాది, అంతే."

అమ్మ కూర్చుంది. "ఎప్పుడూ ఎట్ల కూచుంటావో అట్లే కూచో" అన్నాను. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ గుడ్డ మీద ఆనించి, చూపు సూది మీద పెట్టింది. పద్దెనిమిదేళ్ళ కూర్చోవడం అది. బల్ల మీద పడున్న కొలత టేపు తీసి, ఒక కొస అమ్మ కంటి పక్కన, రెండో కొస సూది దగ్గర పట్టాను. ఇరవై రెండు అంగుళాలు.

ఆసుపత్రిలో ఆ కార్డు పట్టించింది పద్నాలుగు అంగుళాల్లో. బియ్యం చేటకూ ఫోనుకూ అది సరైన దూరమే. ఆ దూరానికి ఇచ్చిన పవరుతో ఇరవై రెండు అంగుళాల్లో ఉన్న సూది మసకగా కనిపించక ఏమవుతుంది? అద్దాలున్నంతసేపూ అమ్మ మెడ వంచి ఆ ఎనిమిది అంగుళాలూ తనే పూడ్చుకుంటోంది. పుస్తకం పట్టని మనిషికి పుస్తకం దూరానికి అద్దాలు చేయించాను. పైగా అలవాటు చేసుకొమ్మని గసిరాను.

"తప్పు అమ్మ కండ్లది కాదన్నా. అద్దాలదీ కాదు. నాది" అన్నాను. "దూరం తప్పు కొలిపించినా. వేరే అద్దాలు తెస్తా."

కేశవన్న నన్నూ టేపునూ మార్చి మార్చి చూశాడు. "సోమవారం పొద్దున దాకా చూస్తా. ఆపైన నన్ను అడగొద్దు. ఆర్డరు నా నెత్తిమీదుంది."

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి సారా మేడమ్ ఒక్కరే ఉన్నారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకున్నాను.

"మేడమ్, మా అమ్మ చీటీలో తప్పు రాశాను. ఇంట్లో ఉండదు. జీన్స్ కుడుతుంది. మిషన్ సూది ఇరవై రెండు అంగుళాల దూరంలో ఉంది. ఇప్పుడే కొలిచి వచ్చాను."

మేడమ్ పెన్ను మూత పెట్టారు. "మూడో గడి ఎందుకు పెట్టామనుకున్నావు రేఖా, అందానికా?" అన్నారు. తర్వాత, "మీ అమ్మ కొంగులో నుంచి చేతులు తియ్యకపోతే నేనన్నా అడగాల్సింది. సాయంత్రం తీసుకురా. అమ్మ కుట్టే గుడ్డ, దారం కూడా తీసుకురా" అన్నారు. ఎందుకు తప్పు రాశావని అడగలేదు. నేనూ చెప్పలేదు. సగం ఒప్పుకుని బయటపడ్డాను.

ఆ సాయంత్రం అమ్మ నల్లగుడ్డ మీద నల్లదారంతో వేసిన కుట్టును నేను టేపు కొలత ప్రకారం పట్టుకుని కూర్చుంటే, మేడమ్ అమ్మ కళ్ళముందు అద్దాలు ఒక్కొక్కటీ మార్చారు. పవరు తగ్గిస్తూ పోయారు. ఒకచోట అమ్మ, "ఆ! ఆపండి మేడమ్. పోగు పోగు కనపడ్తాంది" అని చెయ్యెత్తింది. ఈసారి చేతులు దాచుకోవడం మర్చిపోయింది.

"ఇంట్లో ఉంటారని రాసింది మీ అమ్మాయి. అందుకే ఈ తిరకాసు" అన్నారు మేడమ్.

"నేనే అట్ల రాయమన్నా మేడమ్" అంది అమ్మ, తడుముకోకుండా. "షెడ్డులో తెలిస్తే మిషన్ పోతాదని బయపడి. పాపకేం తెలీదు."

కాదు మేడమ్, నేనే అని రెండు మాటలు అంటే అయిపోయేది. నేను గుడ్డ మడతపెట్టి, టేపు చుట్టేశాను.

ఇంటికి పోయేటప్పుడు అమ్మ పెద్దరోడ్డు వదిలి పిండిమిషన్ సందులోకి తిరిగింది. చుట్టుదారి అది.

"ఇట్లెందుకుమా?"

"నేను రోజూ ఇట్లే వస్తా."

"మేడమ్‌కు అట్లెందుకు చెప్పినావు? నువ్వు యాడ రాయమన్న్యావు?"

అమ్మ సందు సగం నడిచాక చెప్పింది.

"నువ్వు పనిలో చేరిన కొత్తల్లో ఒకదినం అన్నం బాక్సు మర్చిపోతివి. తెచ్చినా. మెట్ల కాడికొచ్చినాంక లోపల్నించి నీ మాట వినపడె. మా అమ్మ ఇంట్లోనే ఉంటుందండీ అని ఎవురికో చెప్తాండావు. ఇంత రంగు చేతులు పెట్టుకుని నేను లోపలికొస్తే నీ మాట పోతాది కదా అని, బాక్సు వాచ్‌మన్ చేతికిచ్చి వచ్చేసినా. అప్పట్నుంచి షెడ్డు వదిలినాంక ఆ రోడ్డు మీద నడవను. అందరూ అట్ల పోతారు, నేను ఇట్ల పోతా. దూరమేం కాదులే."

రెండేళ్ళు. పొద్దున్నించి సాయంత్రం దాకా కుట్టి కుట్టి అలసిన మనిషి, నా అబద్ధం కోసం రెండేళ్ళు చుట్టు తిరిగి ఇంటికి నడిచింది. సందులోనే నిలబడి ఏడ్చాను. మామూలుగా కాదు, చిన్నపిల్లలాగా వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మకు కంగారు పుట్టింది.

"ఛీ, ఊరుకో, ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు! కూతురు మర్యాదగా ఉండాలని ఏ తల్లికుండదు? నడువు, రాగిసంగటి చేస్తా."

శనివారం రాత్రి బస్సులో అద్దాలొచ్చాయి. ఆదివారం కూర్చుని పాత ఫ్రేముకే ఎక్కించాను. సోమవారం గంటసేపు పర్మిషన్ తీసుకుని అమ్మతోపాటు షెడ్డుకు పోయాను. మొలకాల్మూరు ఆమె అప్పటికే వచ్చి, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మిషన్ పక్కన కూర్చుని ఉంది. కేశవన్న ఒక నల్ల బండిల్ తెచ్చి అమ్మ ముందు పడేశాడు.

అమ్మ అద్దాలు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. కాలు పెడల్ మీద పడింది. మొదటి ప్యాంటు నెమ్మదిగా కుట్టింది. రెండోది అంతకంటే వేగంగా. మూడోదానికి మిషన్ చప్పుడు ఆగకుండా ఒకటే ధారగా వినిపించింది. నాకు కుట్టు చూసే ధైర్యం లేక అమ్మ మెడనే చూస్తూ నిలబడ్డాను. మెడ వంగలేదు.

కేశవన్న అయిదు ప్యాంట్లు తీసుకుని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశాడు. తిప్పి లోపలి వైపు చూశాడు. బొటనవేలితో కుట్టంతా తడిమాడు. బయమ్మత్త తన మిషన్ ఆపేసి మరీ చూస్తోంది.

"ఏమప్పా, కుట్టు చూస్తాండావా, జాతకం చూస్తాండావా?" అంది.

"నువ్వు నీ పని చూసుకో" అన్నాడు కేశవన్న. తర్వాత మొలకాల్మూరు ఆమె వైపు తిరిగి, "నువ్వు పాకెట్ల లైనుకు పోమ్మా, ఆడ ఒక మిషన్ ఖాళీగా ఉండాది" అన్నాడు. అమ్మతో మాత్రం, "అద్దాలు తియ్యొద్దు నల్లమ్మక్కా, పెట్టుకునే కూచో" అన్నాడు. పోతూ పోతూ నా దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "ఈశ్వరక్కను కూడా ఒకసారి ఆ టేపుతో కొలిచి చూడు పాపా."

ఆ సాయంత్రం ఆసుపత్రిలో జనం ఎక్కువ. బెంచీల మీద చోటు లేదు. ఆరు దాటాక షెడ్డు వదిలారు, ఆడవాళ్ళంతా గుంపుగా పెద్దరోడ్డు మీద పోతున్నారు. ఒకాయనకు ఫ్రేము సరిచేస్తూ అద్దాల తలుపు లోంచి అటు చూశాను. గుంపులో అమ్మ ఉంది. ఆసుపత్రి ఎదురుగా వచ్చి మెట్ల కింద ఆగింది. పైకి రాలేదు. ముక్కు మీద నుంచి అద్దాలు జారుతుంటే వేలితో తోసుకుంటూ నిలబడింది.

చేతిలోని ఫ్రేము బల్ల మీద పెట్టేసి మెట్లు దిగాను.

"అద్దాలు జారుతాండాయి పాపా, చెమటకు. ఊరికే చెబ్దామని వచ్చినా, ఇంటికొచ్చినాంక చూడులే. జనముండారు" అంది.

"లోపలికి రా."

"చేతులు కడుక్కోలేదు. మొత్తం రంగే. కుర్చీలు మరకలైతాయి."

"కానీలే" అన్నాను. నల్లగా, జిగటగా ఉన్న ఆ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాను. మేడమ్ తన గది తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. కస్టమర్లు కూర్చునే నా ఎదురు కుర్చీలో అమ్మను కూర్చోబెట్టి, అద్దాల కాడలు వెచ్చచేసి చెవుల వెనక కొంచెం వంచాను. నా చేతులకూ రంగు అంటింది.

ఫ్రేము కోసం కూర్చున్న ఆయన అప్పటికే అసహనంగా ఉన్నాడు. "మధ్యలో ఎవురు పాపా ఈమె?" అన్నాడు.

"మా అమ్మ" అన్నాను, గదంతా వినబడేట్టు, మేడమ్‌కు కూడా వినబడేట్టు. "జీన్స్ కుడుతుంది. ఇంట్లో ఉంటుందని ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పింది నేనే. ఆమె చెప్పమనలేదు."

ఆ పెద్దమనిషి ఒకసారి తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. అమ్మ తల వంచుకుంది, మెడ దాకా ఎర్రబడింది. కాసేపటికి తల ఎత్తి, అద్దాల్లోంచి నా మొహం దగ్గరగా చూసింది.

"గట్టిగా బిగించు" అంది. "రేపు కూడా నల్లగుడ్డే."